ఊరికే ఇస్తామన్నా వద్దన్న చిప్పులు

మొన్న శనివారం హాలియా నుంచి ఒక అబ్బాయి వాళ్ళ నాన్నను వెంటబెట్టుకుని మా షాపుకు వచ్చాడు. ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం. "అన్నా, ఇంటెల్ తీసుకోవాల్నా, ఏఎండీ తీసుకోవాల్నా?" అని అడిగాడు. కంప్యూటర్‌కు మెదడులాంటి ప్రాసెసర్ చిప్పులు చేసే రెండు కంపెనీలవి. ఈ ప్రశ్న వింటే నాకు ఇప్పటికీ సంతోషమే. 2004లో మిర్యాలగూడలో ఈ షాపు పెట్టినప్పుడు అలా అడిగినవాళ్ళు లేరు. "పెంటియం ఫోర్ ఎంత పడుతది?" అనేవాళ్ళు. అది ఇంటెల్ చిప్పు. కంప్యూటర్ అంటేనే అది.

అప్పట్లో నా గిరాకీ ఎక్కువగా రైస్ మిల్లులు. కాంటా దగ్గర బిల్లులు కొట్టడానికి సిస్టమ్‌లు అసెంబుల్ చేసి ఇచ్చేవాణ్ణి. పొద్దున్నే బస్సెక్కి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్ల మార్కెట్ సీటీసీకి పోయి, బోర్డులు, ర్యాములు, ప్రాసెసర్లు సంచిలో సర్దుకుని రాత్రికి దిగేవాణ్ణి. మనం విండోస్ నడిపే రకం చిప్పుల్లో 64 బిట్‌ను, అంటే ఒకేసారి ఇంకా పెద్ద లెక్కలు చేసి ఎక్కువ మెమరీ వాడుకునే పద్ధతిని, ముందు తెచ్చింది ఏఎండీ, 2003లో. తర్వాత ఇంటెల్ కూడా అదే పద్ధతికి వచ్చింది. ఇది చెప్పినా మిల్లు సేట్లు వినేవాళ్ళు కాదు. "అందరు కొనేదే ఇయ్యి" అనేవాళ్ళు. సరుకు మంచిదైతే ఎప్పటికైనా అమ్ముడుపోతుందని నేను గట్టిగా నమ్మేవాణ్ణి.

ఆ నమ్మకం 2009 మే నెలలో పోయింది. తన చిప్పులే కొనేలా కంప్యూటర్ కంపెనీలకు షరతులు పెట్టి తగ్గింపులు ఇచ్చిందని, యూరప్ దేశాల కూటమిలో పోటీ నియమాలు చూసే యూరోపియన్ కమిషన్ ఇంటెల్‌కు 106 కోట్ల యూరోల జరిమానా వేసింది. ఆ వివరాల్లో ఒక సంగతి దగ్గర ఆగిపోయాను. ఏఎండీ ఒక కంప్యూటర్ తయారీ కంపెనీకి పది లక్షల చిప్పులు ఉచితంగా ఇస్తానంది. ఆ కంపెనీ తీసుకున్నది 1,60,000 మాత్రమే.

ఉచితంగా ఇస్తుంటే ఎవరైనా వద్దంటారా? మా వాడపల్లి వైపు సిమెంటు డీలర్ లెక్కలో చూద్దాం. అంకెలు ఊరికే అనుకున్నవి. బస్తా 350 రూపాయలు. నీ సరుకులో నూటికి 95 బస్తాలు మా దగ్గరే కొంటే ప్రతి బస్తాకు 40 తగ్గిస్తాం అన్నాడు పెద్ద కంపెనీవాడు. వంద బస్తాలకు 31,000 అవుతుంది. ఇంకొకడు వచ్చి పది బస్తాలు ఊరికే ఇస్తానన్నాడు. తీసుకుంటే పెద్దవాడి దగ్గర కొనేది 90కి పడిపోతుంది, తగ్గింపు మొత్తం పోతుంది. 90 బస్తాలకు 31,500. ఊరికే వచ్చిన సరుకు దింపుకున్నందుకు 500 నష్టం! కంప్యూటర్లు చేసే హెచ్‌పీకి ఇంటెల్ ఇచ్చిన తగ్గింపుల్లోనూ ఆఫీసు డెస్క్‌టాప్‌లకు ఇలాంటి 95 శాతం షరతే ఉందని కమిషన్ చెప్పింది.

నాకు ఇది తొందరగా అర్థమవడానికి కారణం ఉంది. యూపీఎస్‌ల విషయంలో ఒక డిస్ట్రిబ్యూటర్ నాకూ అలాంటి స్కీమే పెట్టాడు. పేరు అనవసరం. నెలకు ఇన్ని ఎత్తాలి, వేరే కంపెనీ డబ్బా షాపులో కనబడకూడదు. అప్పు మీద నడిచే షాపు, ఒప్పుకున్నాను. రెండేళ్ళు వేరే సరుకు ఎవరికీ చూపించలేదు. చూపించనిదాన్ని ఎవరూ అడగలేదు కూడా. ఆ రెండేళ్ళు నా దగ్గర కొన్నవాళ్ళకు నేను న్యాయం చేయలేదు.

2009 నవంబరులో ఇంటెల్ 125 కోట్ల డాలర్లు ఇచ్చి ఏఎండీతో రాజీ చేసుకుంది. యూరప్ కేసు మాత్రం సాగుతూనే పోయింది. తగ్గింపుల వల్ల పోటీకి దెబ్బ తగిలే అవకాశం ఉందని కమిషన్ సరిగ్గా నిరూపించలేదంటూ 2022లో అక్కడి కోర్టు ఆ జరిమానా కొట్టేసింది. 2024 అక్టోబరులో పై కోర్టూ అదే ఖాయం చేసింది. లెక్క నిరూపించాలన్న మాట నేను కాదనను. కంపెనీ పెద్దదైనంత మాత్రాన శిక్ష వేయకూడదు. కానీ పదిహేనేళ్ళు! అన్నేళ్ళలో ప్రాసెసర్లు ఎన్ని తరాలు మారాయి?

అసలు ఏఎండీ ఈ రకం చిప్పులు చేయగలుగుతున్నదంటే, 1980ల మొదట్లో కంప్యూటర్లు చేసే ఐబీఎం చిప్పులకు ఒక్క ఇంటెల్‌నే నమ్ముకోనని, రెండో సరఫరాదారు ఉండాల్సిందేనని పట్టుబట్టడం వల్ల. కొనేవాడు గట్టిగా నిలబడితే అంత పని జరిగింది.

పోటీ లేకపోతే ఏమవుతుందో నా పాత బిల్లు పుస్తకాల్లోనే ఉంది. ఇంటెల్ మామూలు డెస్క్‌టాప్ చిప్పుల్లో 2007లో నాలుగు కోర్లు, అంటే చిప్పులో లెక్కలు చేసే భాగాలు, వచ్చాయి. 2017 మొదట్లోనూ పైరకంలో నాలుగే. ఆ మార్చిలో ఏఎండీ చిప్పు రైజెన్ ఎనిమిది కోర్లతో దిగింది. అదే ఏడాది అక్టోబరుకల్లా ఇంటెల్ ఆరు ఇచ్చింది. పదేళ్ళు కదలనిది ఏడు నెలల్లో కదిలింది. ఇంటెల్ మీద నాకు కోపం లేదు, రెండూ అమ్ముతాను. ఆ పదేళ్ళు మా మిల్లులవాళ్ళు పెట్టిన డబ్బుకు ఇంకా మంచి సరుకు వచ్చేదేమో కదా అన్నదే నా బాధ.

హాలియా అబ్బాయికి రెండు కొటేషన్లు రాసిచ్చాను, ఒకే కాగితం మీద పక్కపక్కన. వాళ్ళ నాన్న ఒక్కో లైను వేలు పెట్టి చదివి, రెండింటికీ తేడా ఎందుకొచ్చిందని అడిగాడు. కుర్చీ వేసి కూర్చోబెట్టి చెప్పాను.