డీప్ డైవర్ కోర్సు లాగ్: 18 నుంచి 40 మీటర్ల దాకా

స్కూబా డైవింగ్ నేర్పే సంస్థ పాడీ ఇచ్చే ఓపెన్ వాటర్ కార్డుతో 18 మీటర్ల లోతు దాకా దిగొచ్చు, అడ్వాన్స్‌డ్‌తో 30, డీప్ డైవర్ స్పెషాల్టీతో 40. ఈ కోర్సులో నీళ్లలో చేసేవి నాలుగే డైవ్‌లు. వాటితో ధైర్యం వస్తుందా అంటే, గాలి లెక్క సొంతంగా వేసుకున్నవాళ్లకి వస్తుంది. ఇన్‌స్ట్రక్టర్ వెనకాల ఈదుకుంటూ వెళ్లొచ్చినవాళ్లకి కార్డు మాత్రం వస్తుంది.

దిగకముందు: గాలి లెక్క

ముందు సొంత వాడకం తెలియాలి. 10 మీటర్ల లోతులో 10 నిమిషాలు మామూలుగా ఈదితే, 11.1 లీటర్ల అల్యూమినియం సిలిండర్‌లో పీడనం 36 బార్ తగ్గిందనుకుందాం. అంటే 400 లీటర్లు. 10 నిమిషాలతో, అక్కడి 2 బార్ పీడనంతో (పైన 1, ప్రతి 10 మీటర్లకి ఇంకో 1) భాగిస్తే నిమిషానికి 20 లీటర్లు. 30 మీటర్ల దగ్గర ఇదే 80 అవుతుంది, 40 దగ్గర 100.

ఇప్పుడు అసలు లెక్క. 30 మీటర్ల దగ్గర బడ్డీకి, అంటే జతగా దిగిన డైవర్‌కి, గాలి అయిపోయింది, ఒకే సిలిండర్ మీద ఇద్దరూ పైకి రావాలి. కంగారులో మనిషికి నిమిషానికి 30 లీటర్లు, ఇద్దరికి 60. తేరుకోవడానికి ఒక నిమిషం: 240 లీటర్లు. నిమిషానికి 9 మీటర్ల చొప్పున 5 మీటర్ల దాకా రావడానికి 3 నిమిషాలు: 495. 5 మీటర్ల దగ్గర ఆగే సేఫ్టీ స్టాప్ 3 నిమిషాలు: 270. ఆఖరి 5 మీటర్లకి 75. మొత్తం 1,080 లీటర్లు, అంటే 97 బార్, 100 అనుకోవాలి.

200 బార్ నింపిన సిలిండర్‌లో వాడుకోవడానికి మిగిలేది 100 బార్, అంటే 14 నిమిషాల లోపు. పాడీ టేబుల్‌లో 30 మీటర్లకి నో డీకో టైమ్ (డీకంప్రెషన్ కోసం దారిలో తప్పనిసరిగా ఆగక్కర్లేకుండా ఉండగలిగే టైము) 20 నిమిషాలు. చేతికున్న డైవ్ కంప్యూటర్ ఇంకా టైముందని చూపిస్తుండగానే వెనక్కి తిరగాలన్నమాట. 40 మీటర్లకి పక్కన పెట్టాల్సింది 128 బార్. మిగిలినది 8 నిమిషాలకి కూడా రాదు, దిగే టైము అందులోనే. అంత లోతుకి 15 లీటర్ల సిలిండర్ అడగాలి.

మొదటి డైవ్

తాడు పట్టుకుని దిగడం మంచిది. 30 మీటర్ల దగ్గర వెట్‌సూట్‌లోని బుడగలు నాలుగో వంతుకి నలిగిపోతాయి, తేలే గుణం తగ్గుతుంది. బీసీడీలోకి (తేలడాన్ని సర్దుకునే గాలి జాకెట్) కొంచెం కొంచెంగా గాలి ఎక్కించకపోతే అడుగు దాకా జారిపోతారు. బరువులు ఎక్కువ కట్టుకున్నవాళ్లకి ఇబ్బంది రెండింతలు: అడుగున ఎక్కించిన గాలి అంతా పైకి వస్తూ వ్యాకోచిస్తుంది, వదలడం ఆలస్యమైతే పైకి ఎత్తేస్తుంది. సిలిండర్‌లో 50 బార్ ఉన్నప్పుడు, బీసీడీ ఖాళీగా ఉంచి, 5 మీటర్ల దగ్గర నిలబడగలిగితే బరువు సరిపోయినట్టు.

రెండోది: మత్తు

లోతులో నైట్రోజన్ వల్ల మత్తెక్కుతుందో లేదో చూడటానికి పడవ మీద కూడిక లాంటి ఒక పరీక్ష చేసి, లోతులో అదే చేసి టైము పోలుస్తారు. పైన చేసి ఉండటం వల్ల చేయి అలవాటుపడి, కింద కూడా వేగంగానే అయిపోతుంది; ‘నాకు మత్తెక్కదు’ అనే తప్పుడు నమ్మకం అక్కడే పుడుతుంది. కింద వేరే కూడిక ఇవ్వాలి. నైట్రోజన్ మత్తుకి తొలి గుర్తు నవ్వు కాకపోవచ్చు. ఒకే వస్తువు మీద చూపు నిలిచిపోవడం, గేజ్ చూసి అంకె మర్చిపోయి మళ్లీ చూడటం కూడా గుర్తులే. 40 మీటర్ల దగ్గర పీల్చే గాలి పైనున్న దానికంటే 5 రెట్లు చిక్కన. గట్టిగా ఫిన్స్ కొడితే కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మత్తు ఇంకా పెరుగుతుంది. ఆగి, నెమ్మదిగా ఊపిరి వదిలి, 5–6 మీటర్లు పైకి వస్తే చాలామందికి తేటపడుతుంది.

మూడోది: వేలాడే సిలిండర్

5 మీటర్ల దగ్గర తాడుకి కట్టిన సిలిండర్ నుంచి గాలి పీలుస్తూ 8 నిమిషాలు ఉండటం. నో డీకో టైమ్ 5 నిమిషాల లోపు దాటితే పాడీ టేబుల్ చెప్పే స్టాప్ ఇదే. ఆ తర్వాత 6 గంటలు డైవ్ లేదు. అలలుంటే సిలిండర్ ఊగి తలకి తగులుతుంది, తాడుకి చేయిచాచినంత దూరంలో ఉండాలి. వాల్వ్ తెరిచి ప్రెషర్ ఎక్కించి, మళ్లీ మూసి దించాలి. తెరిచి ఉంచితే రెగ్యులేటర్ (గాలి పీల్చే పరికరం) ఫ్రీ ఫ్లో అయి, అంటే గాలి ఆగకుండా పోయి, సిలిండర్ ఖాళీ అయ్యే ప్రమాదం.

నాలుగోది

40 మీటర్లకి 32 శాతం నైట్రాక్స్ (ఆక్సిజన్ పాలు పెంచిన గాలి) పనికిరాదు, 1.4 బార్ ఆక్సిజన్ పరిమితితో దాని హద్దు 33 మీటర్లు. 28 శాతం అయితే సరిగ్గా 40. మామూలు గాలితో టేబుల్ టైమ్ 9 నిమిషాలే.

కార్డు వచ్చాక అండమాన్‌లోని హావ్‌లాక్ (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) చుట్టుపక్కల 30 మీటర్ల సైట్లలో నీటి ప్రవాహం ఉన్నప్పుడు ఇదే లెక్కతో దిగి చూడాలి. వరసగా రోజులు డైవ్ చేసినవాళ్లు పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం) ఫ్లైట్ ఎక్కే ముందు కనీసం 18 గంటలు ఆగాలి, డీకో స్టాప్ చేయాల్సి వస్తే ఇంకా ఎక్కువ. టికెట్ బుక్ చేసేటప్పుడే ఆ రోజు ఖాళీగా ఉంచుకోవాలి.