సానపట్టించని పచ్చ

మా ఇంట్లో గాజు తలుపుల అలమరలో అమర్చిన రాళ్ళను చూసినవారు సాధారణంగా ముందు ధర అడుగుతారు. మా మేనత్త మాత్రం ధర అడగదు, "ఇంత మంచి పచ్చను పెట్టుకుని ఉంగరం చేయించుకోకుండా అద్దాల వెనక దాస్తావేమిట్రా, బుధుడికి ఎంత మంచిది!" అని వచ్చిన ప్రతిసారీ మందలిస్తుంది. ఆమె చూపించే ఆ పచ్చ కొలంబియాలోని మూసో గనుల నుంచి వచ్చిన, చిటికెనవేలి గోరంత స్ఫటికం. తెల్లని కాల్సైట్‌లో సగం దిగబడి, పక్కనే నాలుగైదు పైరైట్ రేణువులతో ఉంటుంది. దానిని ఊడదీసి సానపట్టిస్తే పగుళ్ళతో నిండిన ఒక చిన్న రాయి మిగులుతుంది; అది ఏ రాతిలో, దేని పక్కన, దేని తరువాత పెరిగిందో చెప్పే ఆనవాళ్ళన్నీ పొడి అయిపోతాయి. ఆ ఆనవాళ్ళ కోసమే నేను ఇరవై ఏళ్ళుగా బెరిల్ స్ఫటికాలను పోగుచేస్తున్నాను.

రత్నాల దుకాణంలో వేరువేరు పెట్టెలలో వేరువేరు ధరలు పలికే పచ్చ, అక్వామెరిన్, హీలియోడార్, మార్గనైట్ నిజానికి ఒకే ఖనిజం. బెరీలియం, అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్ కలిసి ఏర్పడిన బెరిల్ స్వచ్ఛంగా ఉంటే దానికి రంగే ఉండదు. ఇనుము కొద్దిగా చేరితే ఆ ఇనుము ఉన్న స్థితిని బట్టి నీలమో (అక్వామెరిన్) పసుపో (హీలియోడార్) అవుతుంది. క్రోమియం గాని వనేడియం గాని చేరితే పచ్చ అవుతుంది. మాంగనీసు చేరితే గులాబి రంగు (మార్గనైట్) వస్తుంది. పచ్చా బెరిలూ ఒకే ఖనిజమన్న సంగతిని మొదట పసిగట్టింది స్ఫటికాల ఆకారాన్ని కొలిచిన మనిషి. పచ్చకూ బెరిల్‌కూ కోణాలు ఒకేలా ఉన్నాయని ఫ్రెంచి ఖనిజశాస్త్రవేత్త రెనే జుస్ట్ ఆవీ గమనించి చెప్పిన మీదట రసాయన శాస్త్రవేత్త వోక్లాన్ 1798లో రెండింటినీ విశ్లేషించి, రెండింటిలోనూ అంతవరకూ ఎవరూ ఎరుగని ఒక మూలకపు ఆక్సైడును కనుగొన్నాడు. అదే బెరీలియం. రెండూ సానపట్టిన రాళ్ళే అయివుంటే ఆవీకి కొలవడానికి కోణాలే దొరికేవి కావు. బెరిల్ లోపల ఆరేసి సిలికాన్ పరమాణువులు ఆక్సిజన్‌తో కలిసి వలయాలుగా ఏర్పడి, ఆ వలయాలు ఒకదానిపై ఒకటి పేర్చినట్లు ఉంటాయి. స్ఫటికం ఆరు పలకలుగా పెరగడానికి కారణం అదే. ఆ లెక్కన అత్తయ్య అడిగే ఉంగరాలు ఆ రాయిలో ఇప్పటికే కోట్లాదిగా ఉన్నాయి.

నా మొదటి బెరిల్ కొన్నది కాదు. గూడూరుకు ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు, విడిది ఇంటి పెరటి గోడ మీద మొక్కజొన్న కంకె అంత లావున్న ఒక రాయి కనిపించింది. గోళీసోడా సీసా అడుగు రంగు, ఆరు పలకలు, ఒక చివర కోసినట్లు చదునుగా ఉంది. ఆ ఇంటి పెద్దాయన వయసులో ఉన్నప్పుడు సైదాపురం వైపు అభ్రకం గనులలో పనిచేశాడట. "పలుగురాయి కాదు నాయనా, ఇది వేరే, దీన్ని విడిగా పోగుపెట్టేవాళ్ళం," అని చెప్పి, కావాలంటే తీసుకుపొమ్మన్నాడు. నెల్లూరు జిల్లాలో అభ్రకం దొరికే పెగ్మటైట్ రాళ్ళలోనే (పెద్ద పెద్ద స్ఫటికాలుండే గ్రానైట్ జాతి శిలలలోనే) బెరిల్ కూడా ఉంటుంది. బెరీలియం కోసం దానిని మన దేశంలో చాలాకాలం అణు ఖనిజాల జాబితాలో ఉంచి, 2023లో చేసిన చట్ట సవరణతో ఆ జాబితా నుంచి తొలగించారు. కాంతి చొరబడని ఆ రాయిని ఏ నగల వ్యాపారీ రూపాయికి కూడా కొనడు. నాకు మాత్రం ఇప్పటికీ అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

పలుగు కాదని ఆ పెద్దాయన ఎలా చెప్పగలిగాడో అప్పుడు నాకు అర్థం కాలేదు. పలుగురాయి స్ఫటికం కూడా ఆరు పలకలే, బరువులోనూ పెద్దగా తేడా ఉండదు. పలుగు సాంద్రత 2.65 అయితే బెరిల్‌ది సుమారు 2.7. అయితే పలుగు పలకల మీద సన్నని గీతలు అడ్డంగా ఉంటాయి, బెరిల్ మీద గీతలు ఉంటే నిలువుగా ఉంటాయి. పలుగు కొన సాధారణంగా గోపురంలా ముగుస్తుంది, బెరిల్ కొన ఎక్కువగా కోసిన చెరకు ముక్కలా చదునుగా ఉంటుంది. అపటైట్ కూడా ఆరు పలకలదే కానీ చాకుతో గీస్తే గీత పడుతుంది. బెరిల్ మీద పడదు. టోపాజ్ సాంద్రత 3.5 కాబట్టి చేతిలోకి తీసుకోగానే బరువు తెలిసిపోతుంది. ఇవన్నీ రాయి ముడిగా ఉన్నప్పుడే పనికివచ్చే గుర్తులు.

ఇక్కడ పేరు గురించి ఒక మాట చెప్పాలి. బెరిల్ అనే మాట గ్రీకు భాష ద్వారా మన 'వైడూర్యం' నుంచి, దాని ప్రాకృత రూపం 'వేరులియ' నుంచి పాశ్చాత్య భాషలకు చేరింది. మన నవరత్నాలలో ఇప్పుడు వైడూర్యం అంటే పిల్లికన్ను రాయి, అంటే క్రైసోబెరిల్; అందులోనూ బెరీలియం ఉంది కానీ అది వేరే ఖనిజం. పేరు మనదే, రాయి మాత్రం మారింది. తమిళనాడులో కాంగేయం దగ్గర పడియూర్‌లో అక్వామెరిన్ గని ఉండేది. దానికి దగ్గరలోని కొడుమనల్ తవ్వకాలలో రాళ్ళతో పూసలు చేసిన పనివారి ఆనవాళ్ళు బయటపడ్డాయి. 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ, భారతీయులకు పొడవాటి బెరిల్ అంటే మహా ఇష్టమని, దానికి బంగారం తొడగకుండా రంధ్రం చేసి ఏనుగు వెంట్రుకకు గుచ్చుకుంటారని రాశాడు. స్ఫటికం పొడవును అంతగా గౌరవించిన పూర్వులు ఉన్నారని మా అత్తయ్యకు చెప్పాను, ఆమె ఒప్పుకోలేదు. రంగు వేసిన పలుగుతో నకిలీ బెరిల్ తయారుచేయడం భారతీయులకు తెలుసని కూడా ప్లినీయే రాశాడు, ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

అక్వామెరిన్ కన్నా పచ్చ ఎందుకంత అరుదు అన్న ప్రశ్నకు కూడా జవాబు రాతిలోనే ఉంది. బెరీలియం గ్రానైట్ జాతి శిలల వెంట వస్తుంది. క్రోమియం భూమి లోతుల నుంచి వచ్చిన, మెగ్నీషియం ఎక్కువగా ఉండే నల్లని శిలలలో ఉంటుంది. ఈ రెండూ మామూలుగా ఒకదానికొకటి ఎదురుపడవు. రాజస్థాన్‌లో, జాంబియాలో పెగ్మటైట్ అటువంటి నల్లరాళ్ళలోకి చొచ్చుకువచ్చిన చోట, ఆ హద్దులో ఏర్పడిన నల్లని అభ్రకపు పొరల మధ్య పచ్చ పుట్టింది. కొలంబియాది మరో దారి: అక్కడ గ్రానైట్ ప్రమేయం లేదు, వేడి ఉప్పునీరు నల్లని షేల్ రాళ్ళలో (బురద గట్టిపడి ఏర్పడిన రాళ్ళలో) నుంచే కావలసిన మూలకాలను కరిగించి, పగుళ్ళలో కాల్సైట్‌తో పాటు పచ్చను పేర్చింది. అందుకే నా జాంబియా స్ఫటికానికి నల్లని అభ్రకం, మూసో స్ఫటికానికి తెల్లని కాల్సైట్ అంటుకుని ఉన్నాయి. ఆ అంటుకున్నదానిని శుభ్రం చేయించమని సలహా ఇచ్చేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది.

ఆ అంటుకున్నదే ఒకసారి నన్ను మోసం చేసింది. ఒక రాళ్ళ ప్రదర్శనలో, గిల్గిత్-బాల్టిస్తాన్‌లోని షిగర్ లోయదని చెప్పిన అక్వామెరిన్‌ను, తెల్లని ఫెల్డ్‌స్పార్ మీద నిటారుగా నిలబడి ఉన్నదానిని, నెల జీతంలో సగం పోసి కొన్నాను. ఇంటికి వచ్చాక అతినీలలోహిత టార్చి వేస్తే స్ఫటికం మొదట్లో ఒక సన్నని తెల్లని గీత మెరిసింది. గోళ్ళరంగు తుడిచే అసిటోన్‌లో దూదిని ముంచి అక్కడ పెడితే జిగురు మెత్తబడింది. స్ఫటికమూ నిజమే, కింది రాయీ నిజమే, వాటి పెళ్ళి మాత్రం అబద్ధం. మరొకసారి ముదురు నీలం బెరిల్ ఒకటి కొని కిటికీ దగ్గర పెడితే కొన్ని నెలలలో వెలిసిపోయింది; అది మషీషి రకం, దాని నీలం ఇనుము వల్ల వచ్చేది కాదు, వికిరణం వల్ల ఏర్పడి వెలుతురుకు పోయేది. మామూలు అక్వామెరిన్‌ను కొన వైపు నుంచి పొడవునా చూస్తే రంగు పలచబడుతుంది, మషీషిని అలా చూస్తే ముదురుతుంది. ఆ పరీక్ష కూడా పొడవు చెక్కుచెదరని స్ఫటికం మీదే సులువు.

ఇప్పుడు ప్రతి రాయికీ ఒక చీటీ రాసి పెడుతున్నాను: ఎక్కడిది, ఏ గని, ఎవరి దగ్గర ఎప్పుడు దొరికింది, కింది రాయి ఏమిటి. షిగర్ రాయి చీటీ మీద 'జిగురుతో అతికించినది' అని రాశాను. గూడూరు రాయి చీటీ ఇంకా పూర్తి కాలేదు. ఆనాడు పెళ్ళి సందడిలో ఆ పెద్దాయనను గని పేరు అడగడం నాకు తట్టలేదు. చాలా ఏళ్ళ తరువాత ఫోన్ చేస్తే ఆయన పోయారని కుటుంబం వారు చెప్పారు, గని సంగతి వారికి తెలియదన్నారు. దాని చీటీ మీద 'గూడూరు ప్రాంతం' అని ఉంది, దాని కింది గీత ఖాళీగా ఉంది.