సున్నం బండికి ఒకటిన్నర పెన్నీ

హోలీహెడ్ రేవులో ఐర్లాండ్ ఓడ ఎక్కాలని బయల్దేరి, దారిలో లాన్‌వైర్‌పుల్‌లో ఆగాం. వేల్స్‌లో ఆ ఊరి దగ్గర అందరూ ఆగేది రైల్వే స్టేషన్లో ఉండే 58 అక్షరాల పేరు కోసమే. మా ఆవిడా పాపా ఆ బోర్డు ముందు ఫొటోల్లో పడ్డారు. నేను కాళ్లు సాగదీద్దామని రోడ్డు మీదకొచ్చి, ఎనిమిది పలకల ఇల్లొకటి కనబడితే నిలబడిపోయాను. పాతకాలపు టోల్ ఇల్లు.

హోలీహెడ్ దాకా థామస్ టెల్‌ఫర్డ్ అనే ఇంజినీరు వేయించిన రోడ్డు అది. ఇంటికి అన్ని పలకలు అందానికి కాదు. లోపలున్న మనిషికి రెండు వైపుల నుంచీ వచ్చే బళ్లు కనబడాలి. రాత్రిళ్లు కూడా గేటు తీయాలి కాబట్టి కాపలాదారు కాపురం అక్కడే. తపాలా బండికి మాత్రం టోలూ లేదు, ఆగడమూ లేదు. దూరం నుంచే గార్డు బూర ఊదితే, ఈయన లేచి గేటు తెరిచి ఉంచాలి. అర్ధరాత్రి నిద్రలో ఆ బూర వినబడకపోతే? ఆ టెన్షన్ తలుచుకుంటే నా నైట్ షిఫ్టులే నయమనిపించాయి.

రేట్ల బోర్డు ఇప్పటికీ గోడ మీదుంది. స్ప్రింగులున్న బండికి కట్టిన ఒక్కో గుర్రానికి 4 పెన్నీలు, మామూలు బండి గుర్రానికి 3. కుదుపు లేకుండా ప్రయాణం చేసేవాడి దగ్గర కాస్త ఎక్కువే లాగారన్నమాట. తోలుకెళ్లే ఆవులు ఇరవైకి 10, గొర్రెలు ఇరవైకి 5. మధ్యలో ఒక లైను దగ్గర చూపు ఆగింది. పొలానికి సున్నం తెచ్చే బండయితే, దానికోసం ఖాళీగా వెళ్తున్నా సరే, గుర్రానికి ఒకటిన్నర పెన్నీ. అంటే సగమే.

సున్నం మీద ఎందుకంత దయ? అక్కడి ఆమ్ల నేలలకు సున్నం వేయకపోతే పంట సరిగా రాదు. బట్టీ దాకా బండి కట్టుకెళ్లి తెచ్చుకోవాలి. దక్షిణ వేల్స్‌లో దారి పొడుగునా ఒక్కో ట్రస్టు (రోడ్డు చూసుకుంటూ టోలు వసూలు చేసే సంస్థ) ఒక్కో గేటు పెట్టేసరికి, సున్నం ధర కంటే టోలే ఎక్కువైన సందర్భాలున్నాయి. రైతులు ఆడవాళ్ల బట్టలు కట్టుకుని, 'రెబెకా' పేరుతో గేట్ల మీద పడ్డారు. మన తెలుగు బైబిల్లో రిబ్కా ఈమే. పగవాళ్ల గవిని, అంటే గేటు, నీ సంతతి వశమవుతుందని ఆమెకొక దీవెన ఉంది. 1839లో ఎవైల్‌వెన్ గేటుతో మొదలైంది. నాకు రైతుల మీద జాలే. కానీ 1843లో హెండీ గేటు దగ్గర కాపలా ఉండే సారా విలియమ్స్ అనే పెద్దావిడను కాల్చి చంపారు. ఆ రేట్లు పెట్టింది ఆవిడ కాదు కదా! మరుసటి ఏడాది దక్షిణ వేల్స్‌కు వచ్చిన చట్టం సున్నం టోలును సగం చేసింది.

పాప వచ్చి, "నాన్నా, మరి గేటేదీ?" అంది.

1850లో ఇక్కడి సముద్రపాయ మీద కట్టిన బ్రిటానియా వంతెనను రైలు దాటాక ఈ రోడ్డుకి గిరాకీ పడిపోయింది. అయినా ఇక్కడ వసూళ్లు 1895 నవంబర్ 1 దాకా లాగాయి. ట్రస్టు రోడ్లలో అన్నిటికంటే ఆఖరున ఆగింది ఇదేనట. ఇదంతా దానికి చెబుతుండగానే, ఓడకు టైమైపోతోందని మా ఆవిడ కారు హారన్ కొట్టింది. ఇద్దరం పరుగు.