మీషా పెరిగిన దీవికి వెళ్లొచ్చాను

జపాన్‌లోని ఫుకుఓకా నగరంలో, హకాటా రేవులో టికెట్ ఇస్తున్నమ్మాయి ముందే చెప్పింది, ఇవాళ అలలు ఎక్కువండీ అని. విన్లేదు నేను. జెట్‌ఫాయిల్ అనే ఆ వేగం పడవ ఇకి దీవి దాటిందో లేదో, పొద్దున తిన్న ఒనిగిరి (అన్నం ముద్ద) గొంతులోకొచ్చింది. మిగిలిన గంటంతా ప్లాస్టిక్ కవర్ పట్టుకునే కూర్చున్నా.

ఈ అవస్థంతా ఒక గొంతు కోసం, జపాన్ గాయని మీషా గొంతు. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి చాలాకాలం ‘మిసియా’ అనేవాణ్ణి, ఇక్కడందరూ ‘మీషా’ అంటారు. 1998 ఫిబ్రవరిలో ‘సుత్సుమికోము యో ని’ పాటతో వచ్చింది. అందులో ఆమె గొంతు పైకి, ఇంకా పైకి వెళ్లి ఈలగా మారిపోతుంది. ఈలపాట రఘురామయ్యగారి ఈల వేరు, ఇది పాడే గొంతులోంచే వస్తుంది. అదే ఏడాది వచ్చిన మొదటి ఆల్బం 20 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. సోల్ (అమెరికా నల్లజాతివాళ్ల సంగీతం) పాడే అమ్మాయికి జపాన్‌లో అంత గిరాకీ ఉంటుందని అప్పట్లో ఎవరనుకుని ఉంటారు?

ఆమె చిన్నతనం గడిచింది సుషిమాలో. డాక్టర్ల ఇంటి పిల్ల. ఈ దీవికి ఫుకుఓకా కంటే కొరియానే దగ్గర, 50 కిలోమీటర్లే. దీవిలోని ఇజుహారా ఊళ్లో బోర్డుల మీద జపనీస్ పక్కనే కొరియన్ రాసి ఉంది. ఉన్న ఒక్క బస్సూ నా కళ్లముందే వెళ్లిపోతే, బస చేసిన ఇంటి పెద్దావిడ తన బుల్లి కారులో ఎబోషిడాకె కొండ దాకా దింపింది. పైనుంచి చూస్తే అసో అఖాతం. చిన్న చిన్న లంకలు, వాటి మధ్య ముత్యాల పెంపకం తెప్పలు వరసగా, నీళ్లలో ఆరేసిన చాపల్లా ఉన్నాయి. అరగంటలో ఒక్క పడవ చప్పుడు వినబడింది, అంతే.

ఇంత నిశ్శబ్దంలోంచే ఆ పాట పుట్టిందని రాసేద్దామనుకున్నా. బావుంటుంది కానీ నిజం కాదు. పద్నాలుగేళ్లప్పుడే కుటుంబం ఫుకుఓకా వెళ్లిపోయింది. ఆడిషన్ నెగ్గిందీ అక్కడే, సెయినాన్ గకుయిన్ యూనివర్సిటీలో చదువుకునే రోజుల్లో. ఆ యూనివర్సిటీ ఉన్నది నిషిజిన్‌లో, నేను రోజూ ఆఫీసుకెళ్లే సబ్‌వే దారిలోనే!

తిరుగు ప్రయాణానికి పెద్ద ఫెర్రీ ఎక్కాను. ఐదు గంటలైతే అయింది, కింద పరిచిన కార్పెట్ మీద కాళ్లు బారజాపి పడుకున్నా. సోమవారం నిషిజిన్‌లో దిగి, యూనివర్సిటీ గేటు ముందు కాసేపు నిలబడి, ఆఫీసుకి లేటుగా వెళ్లాను.