నాన్నగారి వీలునామాకు నమ్మకమైన లాయరును వెతికిన అనుభవం

మా నాన్నగారు వీలునామా రాయించాలని నిర్ణయించుకున్నప్పుడు, తగిన లాయరును చూసే బాధ్యతను నాకు అప్పగించారు. తల్లిదండ్రులతో కలిసి ఉంటున్న పెద్ద కొడుకును నేను. తమ్ముడూ చెల్లెలూ వేరే ఊళ్ళలో ఉంటారు. ఆస్తి మరీ పెద్దదేమీ కాదు. నాన్నగారు ఉద్యోగం చేస్తూ కట్టుకున్న ఇల్లు, తాతగారి నుంచి సంక్రమించిన కొంత మాగాణి, బ్యాంకు డిపాజిట్లు, బీమా పాలసీలు, అంతే. అయినా ఇంతకంటే చిన్న ఆస్తుల మీద అన్నదమ్ములు ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరగడం మా బంధువర్గంలోనే చూసి ఉన్నాం కాబట్టి, కాగితం మీద నాలుగు ముక్కలు రాయించి సంతకం పెట్టించడంతో పని ముగిసిందనుకోవడానికి నాన్నగారు సిద్ధంగా లేరు.

మొదట చాలామంది ఇచ్చిన సలహా, సబ్-రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర ఉండే డాక్యుమెంటు రైటరు చేత రాయించేయమని. అమ్మకం దస్తావేజుల విషయంలో వారి అనుభవాన్ని నేను తక్కువ చేయను. సర్వే నంబర్లూ హద్దులూ వారికి తెలిసినంతగా కొందరు లాయర్లకు కూడా తెలియవు. అయితే ఎవరికి ఏ హక్కు ఉంది, ఏ వాక్యం రేపు ఎలాంటి వివాదానికి దారి తీస్తుంది అన్నది చూసి చెప్పడం వారి పని కాదు. ఇంటర్నెట్‌లో వెతికితే తామే అందరికంటే మేలైనవారమని చెప్పుకునే ప్రకటనలు కుప్పలుగా కనిపించాయి. మన దేశంలో న్యాయవాదులు ప్రకటనల ద్వారా కక్షిదారులను ఆకర్షించకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు చెబుతున్నాయి. ఆ నియమాన్ని పట్టించుకోనివారిని నమ్మడానికి నాకు మనసొప్పలేదు. చివరికి నాకు పనికివచ్చిన పేర్లు, భాగపంపిణీ దావాలు నడిపి బయటపడ్డ కుటుంబాల నుంచి వచ్చాయి. తమ తండ్రి రాసిన వీలునామా కోర్టులో నిలిచిందా, నిలవకపోతే ఏ లోపం వల్ల పోయిందో వారికి అనుభవపూర్వకంగా తెలుసు. అందుకే వీలునామా రాయించుకున్నవారి కంటే, వీలునామాపై పోరాడినవారిని అడగడమే మేలని నేను చెబుతాను.

మొదట కలిసిన లాయరు మంచి పేరున్న మనిషి. నాన్నగారు పక్కనే కూర్చుని ఉండగా ఆయన నా వైపు తిరిగి, "మీకు ఎలా కావాలో చెప్పండి, ఆ ప్రకారం రాసేద్దాం" అన్నారు. చెల్లెలి ప్రస్తావన వచ్చినప్పుడు, "ఆడపిల్లకు పెళ్ళిలో ఇచ్చేశారు కదా, ఆవిడ పేరు రాయాల్సిన పనే లేదు" అని కొట్టిపారేశారు. నాన్నగారిని ఆయన నేరుగా అడిగిన ప్రశ్న ఒక్కటి కూడా లేదు. బయటికి వచ్చాక నాన్నగారు, "ఆయన నీ లాయరు రా, నా లాయరు కాదు" అన్నారు. ఆ మాటలో ఎంత న్యాయశాస్త్రం ఇమిడి ఉందో నాకు తరువాత తెలిసింది. వీలునామా వల్ల ఎక్కువ లాభం పొందే వ్యక్తే దాన్ని రాయించడంలో ముఖ్య పాత్ర వహించి ఉంటే, అది అనుమానించదగిన పరిస్థితి అవుతుందనీ, ఆ అనుమానాన్ని తొలగించవలసిన భారం వీలునామాను కోర్టు ముందుంచినవారిదేననీ వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు 1959లోనే చెప్పింది. అంటే నాకు అనుకూలంగా నేనే దగ్గరుండి రాయించిన వీలునామా నాకే ప్రమాదం.

మరొకరు వీలునామా మాటే వద్దని, ఇప్పుడే పిల్లల పేరిట సెటిల్‌మెంట్ డీడ్, అంటే బతికుండగానే ఆస్తిని రాసిచ్చేసే పత్రం, రిజిస్టరు చేసేయమని పట్టుబట్టారు. ఫీజు కూడా ఆస్తి విలువలో ఇంత శాతమని అడిగారు. వీలునామా నాన్నగారి తదనంతరం మాత్రమే అమలులోకి వస్తుంది, బతికి ఉన్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. దానపత్రమో సెటిల్‌మెంటో ఒకసారి రాసిచ్చాక వెనక్కి తీసుకోవడం అంత తేలిక కాదు. తల్లిదండ్రుల పోషణ చూడకపోతే బదిలీని రద్దు చేయించుకునే వీలు 2007 నాటి వయోవృద్ధుల చట్టంలోని 23వ సెక్షన్ కల్పించింది గానీ, దాని ఆసరా కావాలంటే ఆ షరతును పత్రంలోనే స్పష్టంగా రాయించుకోవడం క్షేమం. ఈ తేడా ఏదీ వివరించకుండా డెబ్బై దాటిన మనిషిని ఇల్లు రాసిచ్చేయమన్న సలహాను మేము స్వీకరించలేదు.

చివరకు మేము ఎంచుకున్నది జిల్లా కోర్టులో చాలాకాలంగా సివిల్ కేసులు చూస్తున్న ఒక న్యాయవాదిని. ఆమె రాష్ట్ర బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్ నంబరును మేము అడిగి తీసుకున్నాం. అలా అడిగినందుకు ఆమె నొచ్చుకోకపోవడం నాకు నచ్చింది. నాన్నగారూ నేనూ కూర్చున్న కొద్దిసేపటికే ఆమె నాతో, "మీరు కాసేపు బయట కూర్చోండి, నేను నాన్నగారితో విడిగా మాట్లాడాలి" అన్నారు. తలుపు వేసి ఉంది. టైపిస్టు బల్ల పక్కన బెంచీ మీద నేను చాలాసేపు కూర్చున్నాను. లోపల ఆమె ఏం అడిగారో తరువాత నాన్నగారు కొంత చెప్పారు: వీలునామా రాయాలన్న ఆలోచన ఎవరిది, ఇంతకుముందు ఎప్పుడైనా రాశారా, పిల్లల్లో ఎవరికైనా తక్కువ ఇవ్వదలిస్తే కారణమేమిటి, ఏ మందులు వాడుతున్నారు, అమ్మగారికి ఈ సంగతి తెలుసా. ఆమె చట్టం గురించి చెప్పింది తక్కువ, అడిగి తెలుసుకున్నది ఎక్కువ. ఇంటికి వచ్చే దారిలో నాన్నగారు, "ఈవిడకు ఇద్దాం" అని తేల్చేశారు.

రెండో సమావేశంలో ఆమె మాగాణి దగ్గర ఆగారు. తాతగారి నుంచి వచ్చిన ఆ భూమి పిత్రార్జితమా, తాతగారి స్వార్జితమా, అన్నదమ్ముల మధ్య పంపకం జరిగిందా, జరిగితే ఆ కాగితం ఎక్కడుంది అని ఒక్కొక్కటే అడిగారు. పిత్రార్జితమైతే అందులో కొడుకులతో పాటు కూతురికీ పుట్టుకతోనే హక్కు ఉంటుంది. అప్పటి ఆంధ్రప్రదేశ్ ఈ హక్కును పెళ్ళికాని కూతుళ్ళకు 1985 సెప్టెంబరు నుంచే ఇవ్వగా, హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ దేశమంతటా, పెళ్ళితో నిమిత్తం లేకుండా ఇచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉన్నా లేకపోయినా ఆ హక్కు వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2020లో వినీతా శర్మ కేసులో తేల్చింది. కాబట్టి ఉమ్మడి ఆస్తిలో నాన్నగారు వీలునామా ద్వారా ఇవ్వగలిగేది తన వాటాను మాత్రమే. "ఇది నా ఇష్టం కదమ్మా" అని నాన్నగారు అంటే, "మీ వాటా వరకు మీ ఇష్టమే సార్, మీ అమ్మాయి వాటా ఆమెది" అని ఆమె మెత్తగానే అన్నా, స్పష్టంగా అన్నారు. కక్షిదారుకు నచ్చని మాటను మొహం మీద చెప్పగలిగే లాయరుకు ఫీజు ఇవ్వడం వృథా కాదు.

ఇంటి విషయంలో జరిగిన చర్చ అంతకంటే ముఖ్యమైనది. నాన్నగారి కోరిక చాలామంది భర్తలకు ఉండేదే: తన తరువాత అమ్మ జీవితాంతం ఆ ఇంట్లో ఉండాలి, ఆమె తదనంతరం అది పిల్లలకు సమానంగా చెందాలి. అంతకుముందు మేము కలిసినవారందరూ దీన్ని ఒక్క వాక్యంలో రాసేస్తామన్నారు. ఈ న్యాయవాది మాత్రం పెన్ను పక్కన పెట్టి, 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోని 14వ సెక్షన్‌ను వివరించారు. ఆ సెక్షన్ మొదటి భాగం ప్రకారం హిందూ స్త్రీ స్వాధీనంలో ఉన్న ఆస్తికి ఆమె సంపూర్ణ హక్కుదారు అవుతుంది. రెండో భాగం ప్రకారం వీలునామా వంటి పత్రం ద్వారా పరిమిత హక్కు మాత్రమే ఇస్తే అది పరిమితంగానే ఉంటుంది. అయితే భార్యకు భర్త నుంచి పోషణ పొందే హక్కు ముందునుంచే ఉంది కాబట్టి, ఆ పోషణకు బదులుగా ఇచ్చిన ఆస్తి, పత్రంలో జీవితకాలానికే అని రాసి ఉన్నా, ఆమెకు సంపూర్ణంగా దక్కుతుందని 1977లో తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్ళిన కేసు. అప్పటి నుంచి వీలునామాలోని జీవితకాలపు హక్కు ఏ భాగం కిందికి వస్తుందన్న వివాదం ఎన్నో కుటుంబాలను కోర్టుకు తెచ్చింది. "మీరు రాయమంటే రాస్తాను, కానీ రాసినంత మాత్రాన మీరు అనుకున్నదే జరుగుతుందని నేను హామీ ఇవ్వలేను" అని ఆమె చెప్పి, ఆలోచించుకోవడానికి గడువిచ్చారు. ఇంటిని అమ్మకే పూర్తిగా రాసి, తన తరువాత ఎవరికి చెందాలో అమ్మ తన వీలునామాలో రాసుకోవడమన్నది ఆమె చూపిన ప్రత్యామ్నాయాల్లో ఒకటి. నాన్నగారు ఏది ఎంచుకున్నారన్నది ఆయన సొంత విషయం. ఎంచుకోవడానికి ముందు ఆయనకు సంగతంతా తెలియడం నాకు ఎంతో ముఖ్యమనిపించింది.

డిపాజిట్లకూ పాలసీలకూ నామినీ పేరు రాసి ఉంది కాబట్టి వాటి గురించి బెంగ లేదని మేము అనుకుంటూ వచ్చాం. నామినీ సొమ్మును తీసుకునే వ్యక్తి మాత్రమేననీ, సొమ్ము వారసులందరిదీ అవుతుందనీ బీమా పాలసీల విషయంలో సుప్రీంకోర్టు 1984లోనే చెప్పిందని ఆమె గుర్తుచేశారు. బీమా చట్టానికి 2015లో సవరణ వచ్చాక భార్య, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే పరిస్థితి మారిందని కూడా చెప్పి, పాలసీల నకళ్ళన్నీ తెప్పించుకుని చూశారు.

ఫీజు దగ్గర ఆమె ఒకే మొత్తం చెప్పారు. అందులో సమావేశాలు, ముసాయిదా, దిద్దుబాట్లు, రిజిస్ట్రేషన్ రోజున దగ్గరుండటం ఉన్నాయనీ, రిజిస్ట్రేషన్ ఫీజు వేరనీ కాగితం మీద రాసిచ్చారు. అసలు దస్తావేజులను ఆమె అడగలేదు. జిరాక్సులు తీసుకుని, అసలువాటితో ఒకసారి పోల్చి చూసి తిరిగి ఇచ్చేశారు. అసలు కాగితాలను తన దగ్గరే ఉంచుకుంటానని ఎవరైనా అంటే అక్కడే ఆగి ఆలోచించమని నా మనవి. ఇంటికీ పొలానికీ ఈసీలు, అంటే ఆస్తిపై నమోదైన లావాదేవీలను చూపే ధ్రువపత్రాలు, తీయించమన్నది కూడా ఆమే. వాటిని లింక్ డాక్యుమెంట్లతో, అంటే ఆస్తి ఇంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులతో, పోల్చినప్పుడు నాన్నగారి పేరు ఇంటి దస్తావేజులో ఇంటిపేరు పూర్తిగా, పాసుపుస్తకంలో పొడి అక్షరంతో, బ్యాంకులో మరో రకంగా ఉన్నట్టు తేలింది. ముసాయిదాలో ఆ మూడు రూపాలనూ పేర్కొని, అవన్నీ ఒకే వ్యక్తివని ఒక వాక్యం చేర్చారు. ముసాయిదాను తెలుగులోనే రాసి నాన్నగారికి చదివి వినిపించారు. ఇంటి హద్దులు చదువుతున్నప్పుడు, ఉత్తరపు వైపు స్థలం చేతులు మారి చాలా ఏళ్ళయిందని నాన్నగారు చెప్పగా, పాత యజమాని పేరుతో పాటు ఇప్పటి యజమాని పేరునూ అక్కడికక్కడే చేర్చారు.

సాక్షులుగా ఎవరుండాలన్నదాని మీద ఆమె చాలా పట్టుదల చూపించారు. భారత వారసత్వ చట్టం, 1925లోని 63వ సెక్షన్ ప్రకారం కనీసం ఇద్దరు సాక్షులుండాలి. రాసిన వ్యక్తి సంతకం పెట్టడం చూసి, లేదా ఇది తన సంతకమేనని ఆయన చెప్పగా విని, ఆయన ఎదుటే వారూ సంతకం చేయాలి. రేపు వివాదం వస్తే ఆ ఇద్దరిలో కనీసం ఒకరు కోర్టుకు వచ్చి చెప్పవలసి ఉంటుంది కాబట్టి, నాన్నగారి ఈడువారైన మిత్రులు వద్దనీ, వయసులో చిన్నవారు, ఆస్తిలో ఏ వాటా లేనివారు కావాలనీ అన్నారు. మా కుటుంబ వైద్యుడు ఒక సాక్షిగా ఉండటానికి ఒప్పుకున్నారు. ఆయన చేతనే, చట్టం అడగకపోయినా, నాన్నగారు స్పష్టమైన మతితో ఉన్నారని ఒక ధ్రువపత్రం కూడా రాయించారు.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని, వీలునామాకు స్టాంపు డ్యూటీ కూడా లేదని, తెల్ల కాగితం మీద రాసినా సాక్షులు సరిగా ఉంటే చెల్లుతుందని ఆమె మొదటే చెప్పారు. రిజిస్టరు చేసినంత మాత్రాన సాక్షి వాంగ్మూలం అవసరం తీరదు. అయినా కాగితం పోయిందనో, మార్చారనో అనడానికి తావుండదని నాన్నగారు రిజిస్ట్రేషనే కోరుకున్నారు. సబ్-రిజిస్ట్రారు ఆఫీసుకు ఆయనతో పాటు న్యాయవాది, సాక్షులు వెళ్ళారు. ఆమె సలహా మీద నేను ఇంటి దగ్గరే ఉండిపోయాను. ప్రతి పేజీ మీదా నాన్నగారు సంతకం చేశారనీ, ఇష్టపూర్వకంగానే రాశారా అని అధికారి అడిగితే ఆయన గట్టిగానే జవాబిచ్చారనీ వైద్యుడు తరువాత చెప్పారు.

అసలు వీలునామా నాన్నగారి దగ్గరే ఉంది. ఎక్కడ ఉందో మా ముగ్గురికీ ఒకేసారి చెప్పారు. ఆస్తి అమ్మినా, కొత్తది కొన్నా, కుటుంబంలో ఎవరైనా పోయినా మళ్ళీ చూసుకోవాలని న్యాయవాది చెప్పడంతో ఆయన ఆ కవరు మీద ఆమె ఫోన్ నంబరు రాసి పెట్టుకున్నారు. ఇప్పుడు అమ్మ తన వీలునామా కోసం పుట్టింటి నుంచి వచ్చిన పొలం కాగితాలనూ బంగారం జాబితానూ సిద్ధం చేసుకుంటున్నారు. ఆ పనికి ఆమె నన్ను కాక చెల్లెలిని తోడు తీసుకువెళ్తానన్నారు. ఆ న్యాయవాది చెల్లెలిని కూడా బయటే కూర్చోబెడతారని నేను ముందే చెప్పాను.