చింతపిక్కల పోకర్, మామయ్యగారి రమ్మీ లెక్క

ఆదివారం. రాత్రి నుంచి ముసురు వదల్లేదు, బీచ్ రోడ్డు నడక కుదరలేదు. మా బామ్మర్ది నెలాఖరున ఆఫీసు వాళ్లతో గోవా వెళ్తున్నాడు. మాండవి నదిలో ఓడల మీద ఉండే క్యాసినోల్లో పోకర్ ఆడాలని వాడికి ఒకటే ఉబలాటం. వీడియోలు చూసి, ఫోన్లో ఉత్తుత్తి పాయింట్లతో ఆడి నేర్చుకున్నాడు తప్ప మనిషిని ఎదురుగా పెట్టుకుని ఆడింది లేదు. అందుకే భోజనాలయ్యాక విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఇంట్లోనే కూర్చున్నాం. డబ్బు ఊసు లేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ పేకాటని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025లో కేంద్రం చట్టంతో దేశమంతా అదే పరిస్థితి. ఇంట్లో అయినా ఆ అలవాటు నాకు ఇష్టం లేదు. తలా వంద చింతపిక్కలు పంచుకున్నాం. నేను, మా ఆవిడ, బామ్మర్ది, మామయ్యగారు.

మామయ్యగారు ఏళ్ల తరబడి రమ్మీ ఆడిన మనిషి. చేతికి వచ్చేది రెండు ముక్కలే అయినా వాటిని ఛాతీకి దగ్గరగా పట్టుకుని, కుడిది ఎడమకి, ఎడమది కుడికి మారుస్తూనే ఉంటారు. పదమూడు ముక్కలు సర్దిన వేళ్లు కదా. ఒకే గుర్తువి రెండు వచ్చాయంటే ఇక మార్చరు, బల్ల మీద బోర్లించేసి నీళ్ల గ్లాసు అందుకుంటారు. సాయంత్రం దాకా చూశాను, తప్పలేదు.

ఒక చెయ్యి రాసి పెట్టుకోవాలి. నాకు ఇస్పేటు ఆసు, కళావరు రాజు. ఫ్లాప్‌లో, అంటే బల్ల మీద అందరికీ కలిపి మొదట తెరిచే మూడు ముక్కల్లో, ఆఠీను ఆసు, ఆఠీను తొమ్మిది, కళావరు నాలుగు. మధ్యలో పోగైన పందెం, అంటే పాట్, 12 పిక్కలు. నేను 8 పెట్టాను. మా ఆవిడ, బామ్మర్ది వదిలేశారు, మామయ్యగారు ఉన్నారు. టర్న్, అంటే నాలుగో ముక్క, డైమన్ రెండు. పాట్ 28 అయింది, నేను 25 పెట్టాను. బామ్మర్ది ఆగలేక "అంత పెడితే నాన్న వెళ్లిపోతారు కదా బావా" అన్నాడు. ఆయన వెళ్లలేదు. రివర్, అంటే చివరిదైన ఐదో ముక్క, ఇస్పేటు జాకీ. ఇంకో 40 పెట్టాను. దానికీ కాల్ చేసి, అంటే తనూ అంతే పెట్టి, ఆఠీను రాణి, ఆఠీను జాకీ తిప్పారు. ఫ్లష్ కోసం, అంటే ఒకే గుర్తువి ఐదు ముక్కల కోసం చూశారు, అది రాక జాకీల జత మిగిలింది, నా ఆసుల జత గెలిచింది.

టర్న్ దగ్గర ఆయనకి కనబడని ముక్కలు 46, అందులో పనికొచ్చే ఆఠీన్లు 9. అంటే ఐదుసార్లకి ఒకసారి కూడా పూర్తిగా రాదు. నేను 25 పెట్టాక కాల్ చేస్తే పాట్ 78 అవుతుంది. ఆయన పెట్టే 25కి గిట్టుబాటు కావాలంటే దాదాపు మూడింట ఒకసారైనా గెలవాలి. ఎలాగూ వదలని మనిషి దగ్గర చిన్న పందెం పెట్టామంటే ఆ ముక్క ఆయనకి చవగ్గా ఇచ్చినట్టే.

ఇలాంటి వాళ్లని వీడియోల్లో 'కాలింగ్ స్టేషన్' అంటారు, బామ్మర్ది కూడా అదే అన్నాడు. నాకు ఆ పేరుతో సరిపెట్టుకోవడం నచ్చదు. ఆయన ఎందుకు వదలరో చూడాలి. 101 రమ్మీలో ముక్క తియ్యకుండా డ్రాప్ అయితే, అంటే చెయ్యి వదిలేస్తే, 20 పాయింట్లు మీద పడతాయి, మధ్యలో అయితే 40, చెయ్యి మొత్తం పోతే 80. అక్కడ ఊరికే లేచిపోవడం అనేదే లేదు, ప్రతిసారీ జరిమానా. అందుకని ఉండి నాలుగు పాయింట్లు తగ్గించుకుందాం అనుకోవడం అక్కడ తెలివైన పనే. పోకర్‌లో బ్లైండ్, అంటే ముక్కలు చూడకముందే వంతు ప్రకారం పెట్టే తప్పనిసరి పందెం, మనది కానప్పుడు, మొదట్లోనే ముక్కలు పడేస్తే పైసా పోదు. పోయేది అంతా ఉండిపోతేనే. "ఇంతదాకా వచ్చి డ్రాప్ ఏంట్రా" అని ఆయన కొడుకుని కసిరారు చూడండి, ఆ మాట రమ్మీ లెక్కలోంచి వచ్చింది. గోవా బల్లల దగ్గర మన తెలుగువాళ్లు బాగానే కనిపిస్తారు, చాలామంది చేతిలో ఈ లెక్కే ఉంటుంది. వాళ్ల మీద బ్లఫ్, అంటే మంచి ముక్కలు లేకుండా భయపెట్టే పందెం, వెయ్యకూడదు. 100 ఉన్న పాట్‌లో 50 బ్లఫ్ పెడితే మూడింట ఒకసారైనా ఎదుటివాడు వదలాలి, లేకపోతే మనకి నష్టం. మామయ్యగారు పదింట ఒకసారి కూడా వదలరు.

మా ఆవిడ సంగతి వేరు. చాలా చేతులు చూసి పక్కన పెట్టేస్తుంది. ఒకసారి టర్న్‌లో రైజ్ చేసింది, అంటే పందెం పెంచింది, నేను రెండు జతలు పడేశాను. బామ్మర్దికి నమ్మకం కుదరలేదు. "నేను అంతే రైజ్ చేస్తే నువ్వు మధ్యరకం జతతో కూడా కాల్ చేశావు కదా బావా?" చేశాను. అవే పిక్కలు, పెట్టిన మనిషి వేరు.

వాడి దూకుడు ఫోన్ దగ్గర అంటుకుంది. అక్కడ చేతి వెంట చెయ్యి వచ్చేస్తుంది. క్యాసినోలో డీలర్ కలిపి, పంచి, పాట్ లెక్కపెట్టి ఇచ్చేసరికి గంటకి 30 చేతులు జరిగితే ఎక్కువ. రెండు ఆసులు సగటున 221 చేతులకి ఒకసారి వస్తాయి, అంటే ఏడు గంటలకి పైగా కూర్చుంటే ఒకసారి. విసుగు పుట్టి వాడు చెత్త ముక్కలతో రైజ్ చేస్తున్నాడు. అలాంటి వాడి ఎదురుగా నేను చేసేది ఏమీ ఉండదు, చెక్ చేసి, అంటే పందెం పెట్టకుండా వంతు దాటించి, వాడినే పెట్టనిస్తాను.

నాలుగింటికి ఒక మార్పు వచ్చింది. మా ఆవిడ మూడు రాజులతో బామ్మర్ది ఫ్లష్‌కి ఓడిపోయింది. సగం పైగా పిక్కలు పోయాయి. ఆ తర్వాత కాసేపు ఏ ముక్క వచ్చినా ఉండిపోయింది, మాట్లాడటం కూడా తగ్గించింది. అంతవరకూ ఆవిడ రైజ్‌కి నేను ఇచ్చిన విలువ ఆ అరగంట ఇవ్వలేదు. టీ తాగాక మళ్లీ మామూలైపోయింది. ఈ ఆటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే, మనిషి మారే చోటు పట్టుకోవడం. పెద్ద పాట్ పోయిన ప్రతిసారీ నేను ముక్కలు చూసుకోవడం మానేసి, పోగొట్టుకున్న వాళ్ల ముఖం చూస్తాను. చెయ్యి వణికితే చాలామంది భయం అనుకుంటారు, నేను చూసినంతలో ఎక్కువసార్లు అది మంచి ముక్కలు వచ్చిన ఆత్రం.

బామ్మర్దికి మూడు మాటలు చెప్పాను. కూర్చున్న మొదటి అరగంట ఎవరు ఏ ముక్కలు తిప్పి చూపించారో గుర్తుపెట్టుకో. ఎంత పెట్టాలో ఇక్కడే నిర్ణయించుకుని వెళ్లు, ఓడ ఎక్కాక కాదు. క్యాసినో ప్రతి పాట్‌లోనూ కొంత శాతం తీసుకుంటుంది, చిన్న పాట్‌ల కోసం పోట్లాడితే మిగిలేది ఉండదు.

వాడు అడిగిన మంచి ప్రశ్న, ఎక్కడ కూర్చోవాలని. వంతు ఎడమవైపుకి తిరుగుతుంది కాబట్టి దూకుడుగా ఆడేవాడు మన కుడివైపు ఉండాలి, వాడు ఏం చేశాడో చూశాక మన వంతు వస్తుంది. జాగ్రత్తపరులు ఎడమవైపు ఉన్నా ఇబ్బంది లేదు. కుర్చీ ఖాళీ అయితే మారతానని అడగొచ్చు, అడగడానికి మొహమాటపడొద్దని చెప్పాను. వచ్చే ఆదివారం నేను వాడికి ఎడమవైపు కూర్చుని ప్రతి చెయ్యీ రైజ్ చేస్తాను, ఎంతసేపు ఓర్చుకుంటాడో చూడాలి. పిక్కలు ఇంకో రెండు వందలు కావాలి, రేపు రైతు బజారుకి వెళ్లినప్పుడు గింజ తియ్యని చింతపండు తేవాలి.