కిరసనాయిలు మీద తేలే పాత వేసవి

పాత వాతావరణం అనగానే మామత్ దంతాలు, ఖడ్గమృగం ఎముకలు గుర్తొస్తాయి. కానీ ఉష్ణోగ్రత లెక్కకు అంత పెద్ద జంతువులు నప్పవు. ఎండకీ చలికీ ఓర్చుకుంటాయి, దూరాలు తిరుగుతాయి. పెంకుపురుగులు అలా కాదు. చాలా జాతులకు ఇంత వేసవి, ఇంత చలి అని హద్దు ఉంటుంది. అందుకే పాత మట్టిలో మిగిలిన వాటి పెంకులను కిరసనాయిలుతో తేల్చి తీసి, అవి ఏ జాతులవో చూసి ఆనాటి ఉష్ణోగ్రత లెక్కకడతారు. ఈ పద్ధతికి దారి వేసినవారిలో ముందు చెప్పుకోవాల్సింది ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్‌లో పనిచేసిన శాస్త్రవేత్త రసెల్ కూప్ గురించి.

పెంకులు మిగలాలంటే మట్టి ఎప్పుడూ తడిగా, గాలి సోకకుండా ఉండి ఉండాలి: పాత చెరువు అడుగు ఒండ్రు, పీటు నేల (సగం కుళ్లిన మొక్కలు పేరుకున్న చిత్తడి నేల) లాంటివి. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం లాంటి గుహల్లో అయితే ఎముకలు, పళ్లే దిక్కు.

ఒక్కో పొర నుంచి 5 నుంచి 10 కిలోల మట్టి తీసి, తడి ఆరకుండా సంచి మూతి బిగించాలి. ఆరితే పెంకులు చిట్లుతాయి. పైగా ఎండిన ఆకులూ వేరుముక్కలూ గాలి పట్టి, తర్వాత పురుగులతోపాటు తేలి విసిగిస్తాయి. రేడియోకార్బన్ పరీక్షతో వయసు తేల్చడం కోసం కొంత మట్టి ముందే పక్కన పెట్టండి. కిరసనాయిలులో ఉన్నది ఎప్పటిదో కార్బన్. అది అంటితే వయసు ఉన్నదానికన్నా పాతదిగా వస్తుంది.

మట్టిని గోరువెచ్చటి నీళ్లలో, మొండికేస్తే కాస్త వాషింగ్ సోడా వేసి, నానబెట్టి విడదీయాలి. 0.3 మి.మీ. జల్లెడలో కడిగి, నీరు బాగా ఓడ్చాలి. నీరు మిగిలితే నూనె పెంకులకు పట్టదు. బకెట్లో కిరసనాయిలు పోసి కొన్ని నిమిషాలు చేత్తో మెల్లగా కలిపి, మిగులు నూనె వంచేసి, చన్నీళ్లు పోయాలి. పెంకుల మైనపు పైపూత నూనెను పట్టుకుంటుంది; నీళ్లు తాగిన ఆకుముక్కలు పట్టుకోవు, అడుగుకు దిగుతాయి. కనీసం 15 నిమిషాలు ఆగి, పైతెట్టును అదే జల్లెడలోకి వంచండి. ఒక్కసారితో సరిపెట్టొద్దు, రెండు మూడుసార్లు తేల్చాలి. తర్వాత డిటర్జెంటు, వేడినీళ్లతో కడిగి, ఆల్కహాల్‌లో ఉంచి మైక్రోస్కోపు కింద తలలు, రొమ్ము పెంకులు, రెక్క పెంకులు ఏరాలి. గాలి ఆడేచోట, మంటకు దూరంగా చేసే పని ఇది.

పెంకులు ఏ జాతివో గుర్తుపట్టాక అసలు లెక్క, ఒక గ్రాఫు మీద. ఆ పురుగు ఇప్పుడు బతికే చోట్లలో అతి వేడి నెల సగటు ఉష్ణోగ్రత ఒక అక్షం; వేడి నెలకూ చలి నెలకూ తేడా రెండో అక్షం. ఒక్కో జాతి ఓర్చుకునే హద్దులు గ్రాఫు మీద ఒక్కో మచ్చలా వస్తాయి. మచ్చలన్నీ ఒకదానిమీద ఒకటి పడే చోటే ఆనాటి వాతావరణం. 1987లో అట్కిన్సన్, బ్రిఫా, కూప్ ఇలాగే బ్రిటన్‌లో గత 22,000 ఏళ్ల ఉష్ణోగ్రతలు లెక్కకట్టారు. వేసవి లెక్కను గట్టిగా నమ్మొచ్చు, చలికాలానిది అంతగా కాదు: చాలా పురుగులు అప్పుడు మట్టిలోనో మంచు కిందనో దాక్కుంటాయి. ఒక జాతి దొరకలేదన్నది సాక్ష్యం కాదు, దొరికిందే సాక్ష్యం.

ఈ లెక్కలోకి వేటాడేవి, కుళ్లు తినేవి మాత్రమే రావాలి. ఆకు తినే పురుగు తన మొక్క వచ్చేదాకా రాలేదు. సుమారు 14,700 ఏళ్ల కిందట బ్రిటన్ ఒక్కసారిగా వేడెక్కినప్పుడు మట్టి పొరల్లో దొరికిన పుప్పొడి ఇంకా చెట్లులేని నేలనే చూపిస్తుంటే, పెంకుపురుగులు దాదాపు ఇప్పటి వేసవిని చూపించాయి. చెట్లు తీరిగ్గా వచ్చాయి.

జాతిని గుర్తుపట్టడానికి పక్కన పెట్టి పోల్చే పురుగుల నమూనా పెట్టెలు పక్క దేశాలవి మాత్రమే ఉంటే దెబ్బతింటాం. ఇంగ్లాండు మంచుయుగపు పొరల్లో దొరికిన పేడపురుగు అఫోడియస్ హోల్డెరెరి ఇప్పుడు బతికేది టిబెట్ పీఠభూమి మీద.